శుక్రుడి పరిశీలన: మూఢం ఒకసారి పది రోజులు, మరోసారి ఎనభై రోజులు ఎందుకు?

హైదరాబాద్‌లో మా మేడ మీది నుంచి 2025 జనవరి మొదలుకొని శుక్రుణ్ణి గమనిస్తూ రాసుకుంటున్న వివరాలను ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను. నా దగ్గరున్నవి 10×50 బైనాక్యులర్, కోణం చూపే ఫోన్ యాప్ మాత్రమే. అవి చేతిలో లేనప్పుడు, చేయి చాచి పిడికిలి బిగిస్తే దాదాపు పది డిగ్రీలు వస్తుందన్న లెక్క చాలు. సూర్యాస్తమయ సమయం, శుక్రుడు మొదట కంటికి ఆనిన సమయం, అప్పుడు దిగంతం నుంచి ఎంత ఎత్తున ఉన్నాడన్నది ప్రతిసారీ నమోదు చేస్తాను.

2025 జనవరి 10న శుక్రుడు సూర్యుడికి తూర్పుగా 47 డిగ్రీల దూరానికి చేరాడు. శుక్రుడి కక్ష్య భూకక్ష్యకు లోపల ఉంది కాబట్టి అంతకు మించి దూరం జరగడం సాధ్యం కాదు. బుధుడికైతే ఆ హద్దు 28 డిగ్రీలే. తూర్పున ఉన్నంతకాలం సూర్యుడి తరువాత అస్తమిస్తాడు కనుక సాయంత్రం కనిపిస్తాడు, పడమరకు మారితే సూర్యుడికంటే ముందే ఉదయించి వేగుచుక్క అవుతాడు.

మార్చి 23న భూమికీ సూర్యుడికీ నడుమగా దాటిపోయాడు. అంతకు ముందు వారాల్లో బైనాక్యులర్‌ను పిట్టగోడకు ఆనించి చూస్తే కొమ్ములు పైకి తిరిగిన సన్నని వంక స్పష్టంగా తెలిసింది. పూర్తిగా చీకటి పడ్డాక మెరుపు ఎక్కువై ఆకారం చెదిరిపోతుంది కాబట్టి వెలుగు ఇంకా మిగిలి ఉన్నప్పుడే చూడటం మేలు. అయితే సూర్యుడు పూర్తిగా అస్తమించే వరకు బైనాక్యులర్‌ను ఆ వైపు తిప్పకూడదు. తెల్లవారుజామున అయితే సూర్యోదయానికి ముందే పక్కన పెట్టేయాలి.

ఆ తరువాత నెలల తరబడి తెల్లవారుజామునే లేవవలసి వచ్చింది. ఆగస్టు 12న గురువు, శుక్రుడు తూర్పున దాదాపు పక్కపక్కనే నిలిచారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది శుక్ర మూఢం. 2025 మార్చిలో పది రోజుల లోపే ముగిసిన మూఢం, నవంబర్ చివర మొదలై 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది, అన్ని రోజులూ పెళ్లి ముహూర్తాలు లేకుండా పోయాయి. సూర్యుడి కాంతిలో గ్రహం కనిపించకపోవడమే మూఢం. ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం శుక్రుడికి ఈ హద్దును వక్రగతిలో (అంటే నక్షత్రాల మధ్య వెనక్కి నడుస్తున్నట్టు కనిపించేటప్పుడు) 8 కాలాంశలుగా, మామూలు గతిలో 10 కాలాంశలుగా చెప్పింది. ఒక కాలాంశ అంటే ఆకాశం ఒక డిగ్రీ తిరగడానికి పట్టే నాలుగు నిమిషాలు, అంటే సూర్యుడు అస్తమించాక నలభై నిమిషాల లోపే అస్తమించే శుక్రుడు మూఢంలో ఉన్నట్టే. మార్చిలో శుక్రుడు వక్రగతిలో, మనకు సుమారు 4.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కనుక ఆకాశంలో సూర్యుణ్ణి రోజుకు 1.6 డిగ్రీల వేగంతో దాటాడు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది కలిపి పదహారు డిగ్రీలకు పది రోజులు పట్టింది. 2026 జనవరి 6న సూర్యుడికి ఆవలి పక్కన, సుమారు 25.6 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఆ వేగం రోజుకు పావు డిగ్రీకి పడిపోయింది. అప్పుడు మామూలు గతి కనుక అటు పది, ఇటు పది కలిపి ఇరవై డిగ్రీలను ఆ వేగంతో భాగిస్తే ఎనభై రోజులు వస్తాయి. పంచాంగంలోని రెండు మూఢాల నిడివి ఇంత చిన్న భాగహారంతో తేలడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఫిబ్రవరి మూడో వారంలో పడమటి దిగంతం పైన పలచని ధూళిలో శుక్రుడు తిరిగి కనిపించాడు, మొదట బైనాక్యులర్‌కు, ఆ తరువాత ఉత్త కంటికి.

2026 ఆగస్టు 15 ప్రాంతంలో శుక్రుడు మళ్లీ దాదాపు 46 డిగ్రీల దూరం చేరతాడు, కానీ అంత ఎత్తున కనిపించడు. నా లెక్క ప్రకారం 2025 జనవరిలో సూర్యాస్తమయ వేళ హైదరాబాద్‌లో దాదాపు 45 డిగ్రీల ఎత్తున ఉన్న శుక్రుడు ఈసారి 34 డిగ్రీల దగ్గరే ఉంటాడు, లండన్‌లో అయితే పది, పదకొండు డిగ్రీలకు దిగిపోతాడు. ఫాల్గుణ, చైత్రాల సాయంత్రాల్లో క్రాంతివృత్తం, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, మన పడమటి దిగంతం మీద దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది, భాద్రపద, ఆశ్వయుజాల నాటికి బాగా ఒరిగిపోతుంది. బుధుణ్ణి చూడదలచినవారు సాయంత్రానికి మార్చిని, తెల్లవారుజాముకు సెప్టెంబర్, అక్టోబర్‌లను ఎంచుకోవలసింది కూడా ఇందుకే.

ఆగస్టు వానాకాలం కనుక మబ్బు విడిచిన ప్రతి సాయంత్రాన్నీ వాడుకోవాలి. అక్టోబర్ 24న మళ్లీ మన వైపు నుంచే సూర్యుణ్ణి దాటతాడు కాబట్టి ఈసారి మూఢం పొట్టిదే. దానికి ముందు చివరి సాయంత్రాన్నీ తరువాతి మొదటి తెల్లవారుజామునూ పట్టుకుని, నిమిషాలు లెక్కగట్టి 8 కాలాంశలతో పోల్చాలని అనుకుంటున్నాను.