ఇంటి పెద్ద ఎవరు? వలస ఊళ్లలో ఈ ప్రశ్నతో వచ్చే చిక్కు

కుటుంబ సర్వేకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లకి వెళ్లే విద్యార్థుల కాగితాల్లో మొదటి గడి ఎప్పుడూ ఒకటే: "ఇంటి పెద్ద". సగం సర్వే అక్కడే పాడవుతుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డుకి సంబంధించినంత వరకు, ఇంట్లో 18 నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే ఇంటి పెద్ద. పొలం పాసుపుస్తకం చూస్తే మావగారి పేరున ఉంటుంది. డబ్బు పంపేది చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తున్న కొడుకు. బడిలో పిల్లాడి కోసం సంతకం పెట్టేది అమ్మమ్మ. "ఇంటి పెద్ద ఎవరమ్మా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే కోడలు "మా మావగారండి" అంటుంది, ఆయన మంచం పట్టి రెండేళ్లయినా సరే. అది మర్యాద కొద్దీ వచ్చిన జవాబు. దాన్ని సమాచారం కింద రాసుకోకూడదు.

జనాభా లెక్కల్లో గృహం అంటే ఒకే వంటింటి తిండి తింటూ మామూలుగా కలిసి ఉండేవాళ్లు. ఈ నిర్వచనం పెడితే వలస వెళ్లిన భర్త ఇంట్లోంచి జారిపోతాడు. 2011లో, మన్యం జిల్లా ఇంకా విడిపోక ముందు, శ్రీకాకుళంలో వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు, విజయనగరంలో 1019 మంది. ఆడపిల్లల్ని బాగా చూసుకుంటున్నామనడానికి ఈ అంకె చూపిస్తుంటారు కానీ, ఇందులో పని కోసం బయటికి పోయిన మగవాళ్ల వాటా తక్కువేం కాదు. ఇల్లు వేరు, కుటుంబం వేరు అని ఏ.ఎం. షా లాంటి సమాజశాస్త్రవేత్తలు పట్టుబట్టింది ఇందుకే. ఒక పొయ్యి దగ్గర తినేవాళ్లు ఇల్లు. డబ్బు, బాధ్యత, మాట చెల్లుబాటు ఎంత దూరం పోతే అంత దూరం కుటుంబం. "ఉమ్మడి కుటుంబాలు కూలిపోయాయి" అని వ్యాసాలు రాసేవాళ్లు చాలామంది పొయ్యిలు మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటారు.

కాబట్టి "పెద్ద" గడి తీసేసి మూడు గడులు పెట్టండి: నిన్న రాత్రి ఈ పొయ్యి మీది అన్నం ఎవరెవరు తిన్నారు, గత నెలలో డబ్బు ఎవరిచ్చారు, ఎవరు దూరంగా ఉండి కూడా ఈ ఇంటి విషయాల్లో మాట చెబుతారు. తర్వాత చుట్టరికం బొమ్మ గీయాలి. మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు. మేనరికం ఉన్న ఇంట్లో బొమ్మ తిప్పలు పెడుతుంది. మేనత్త కొడుకుని చేసుకున్న పిల్లకి అత్తగారంటే సొంత మేనత్తే. మేనమామని చేసుకుంటే అత్తగారు స్వయానా అమ్మమ్మ అవుతుంది. ఒకే మనిషికి రెండు గీతలు వస్తాయి. రెండూ గీయాలి. "అత్తోరిల్లు, కన్నోరిల్లు" అని విడగొట్టి రాసే పుస్తక పద్ధతి అక్కడ పనిచేయదు. ఆ కోడలికి పెళ్లికి ముందు నుంచే ఆ వంటింట్లో చనువు ఉంటుంది. అదే చనువు వల్ల అత్తగారి మీద కన్నోరితో చెప్పుకోలేకపోవడం కూడా ఉంటుంది.

ఇక పని లెక్క. "మీరు పనిచేస్తారా?" అని అడగొద్దు. "ఏటీ లేదు బాబూ, ఇంటికాడే ఉంటాను" అంటుంది, గుమ్మం పక్కన తనే ఆరబోసిన జీడిపిక్కలు కనపడుతూనే ఉంటాయి. నిన్నటి రోజు అడగాలి. జాతీయ సమయ వినియోగ సర్వేలో చేసినట్టే తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు వరకు, అరగంటకో గడి, మొత్తం 48. ఒక్కో గడిలో మూడు వరసలు: అసలు పని, దాంతోపాటు పక్క పని, దగ్గర ఎవరున్నారు. ఆరు నుంచి ఆరున్నర గడి చూడండి. పొయ్యి మీద అన్నం, చంకలో ఏడాది పిల్ల, చెవి దగ్గర ఫోన్లో భర్త, గ్యాస్ బుక్ చేశావా అని. ఒక్క పనే రాస్తే "వంట" అని పడుతుంది, మిగతా రెండూ మాయం. పక్క పని వరస లేని కాగితం ఎప్పుడూ పిల్లల పెంపకాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

ఆ జాతీయ సర్వే అంకెలు వాడేటప్పుడు ఒక జాగ్రత్త. 2024లో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెట్టారని వచ్చింది. 2019లో అవి 299, 97. ఇవి ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్ల సగటు మాత్రమే. అసలు ముట్టుకోని మగవాళ్లు ఆ 88లో లేరు. మొత్తం మగవాళ్లందరి మీద తీస్తే ఇంకా బాగా తగ్గుతుంది.

చేసిన పనే కాకుండా తలచిన పని కూడా ఉంటుంది. దానికి ఒక సంఘటన పట్టుకోండి, పిల్లకి జ్వరం అనుకుందాం. ఒళ్లు కాలుతోందని ఎవరు చూశారు? ఏ ఆసుపత్రో ఎవరు తేల్చారు? ఎవరు తీసుకెళ్లారు? డబ్బెవరిది? తర్వాత మందులు వేళకి వేశారా అని ఎవరు అడిగారు? "మా ఆయనే చెప్పారు" అన్న జవాబు వచ్చాక, ఆయనకి ఫోన్ చేసే వేళకి మీరెక్కడున్నారని అడగండి. ఆటో ఎక్కేశాక చేసిన ఫోన్ అయితే నిర్ణయం ఆవిడదే. ఆయన పేరు మీద చెబుతోంది, అంతే. ఇది ఆవిడకి కూడా తెలుసు. కానీ అత్తగారి ఎదుట అనదు. అందుకే ఈ ప్రశ్నలు ఇంట్లో కూర్చుని అడగకండి, బోరింగు దగ్గరో పొదుపు సంఘం మీటింగు అయ్యాకో అడగండి.

భర్త సంగతికొస్తే, ఊళ్లో చెంబు కూడా ఎత్తని మనిషి చెన్నై రేకుల షెడ్డులో అన్నం వండుతాడు, పెళ్లాం కూడా కూలికి వస్తే పిల్లకి స్నానం పోస్తాడు. పెద్దపండక్కి ఊరొచ్చాక మళ్లీ మంచం మీదే. స్వభావం మారిందనుకుంటే దీనికి అర్థం దొరకదు. మానవశాస్త్రవేత్త ఎలిజబెత్ బాట్ 1957లో లండన్‌లోని 20 కుటుంబాల మీద చెప్పింది ఇక్కడ బాగా అతుకుతుంది. దంపతుల చుట్టూ ఉన్నవాళ్లు ఒకరికొకరు బాగా ఎరుకైనవాళ్లయితే ఆలుమగల పనులు వేరువేరుగా గిరిగీసుకుని ఉంటాయి, ఆ అల్లిక వదులైన చోట కలిసి చేస్తారు. ఊళ్లో ఆవిడకి అక్కచెల్లెళ్లూ తోటికోడళ్లూ చెయ్యందిస్తారు, ఆయనకి తోటివాళ్ల ఎగతాళి భయం ఉంటుంది. షెడ్డులో ఈ రెండూ లేవు. తర్వాత వేరే దేశాల్లో పరీక్షిస్తే ఈ సూత్రం అన్నిచోట్లా నిలబడలేదు. మన దగ్గర మాత్రం భార్యాభర్తల్ని రెండు చోట్లా అడగకుండా ఏమీ తేల్చకండి.

పిల్లల వరస సాధారణంగా ఖాళీగా వదిలేస్తారు, లేదా "చదువు" అని రాసేస్తారు. అమ్మానాన్నలు వలసలో ఉండి తాత దగ్గర పెరిగే పదేళ్ల గుంట నీళ్లు తెస్తుంది, తమ్ముణ్ణి అంగన్‌వాడీకి దింపుతుంది, తాత ఫోన్లో ఓటీపీ చదివి పెడుతుంది. 2016 సవరణ తర్వాత బాల కార్మిక చట్టం 14 ఏళ్ల లోపు పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో ప్రమాదం లేని ఇంటి పనిలో సాయపడడాన్ని ఒప్పుకుంటుంది. కానీ జీడిపిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి పిక్కలు ఏరిందా, కాల్చిన పిక్క కొట్టిందా అన్నది విడివిడిగా రాయాలి. పిల్లని నేరుగా అడగండి, పెద్దల అనుమతి తీసుకుని, వాళ్ల కంటికి కనపడే చోటే కాస్త ఎడంగా కూర్చుని. "అమ్మ ఎప్పుడొస్తుంది" లాంటి ప్రశ్న మీరు ఎత్తకండి.

ఎప్పుడు వెళ్లాలన్నది చివరగా. సంక్రాంతి వారంలో వెళితే వలస అన్నదే లేదన్నట్టు కనపడుతుంది. వరి ఉడుపుల్లో వెళితే నిన్నటి రోజు ఎవరికీ మామూలు రోజు కాదు. వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే తీరపు ఊళ్లకి రెండుసార్లు వెళ్లాలి: అక్కడ వేట నిషేధం ఉండి మగవాళ్లు ఇళ్ల దగ్గరుండే జూన్, జులైల్లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏ గడుల్లో పేరు మారిందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.