అజైల్ ఓనమాలు మళ్ళీ దిద్దుకుంటూ

సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతలుగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే తీరుని అజైల్ అంటారు, అందులో ఎక్కువగా వాడే పద్ధతి స్క్రమ్. నేను స్క్రమ్ టీముల్లో పనిచేయడం మొదలుపెట్టింది 2008లో. డెవలపర్‌గా కొన్నేళ్ళు, టీము ఆ పద్ధతిని సరిగ్గా పాటించేలా చూసే స్క్రమ్ మాస్టర్‌గా కొన్నేళ్ళు, ఇప్పుడు మూడు టీముల డెలివరీ చూస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి అజైల్ మీద రెండ్రోజుల క్లాసులు చెప్పినవాణ్ణి కూడా. అయినా ఈ వేసవిలో మైపాడు వైపు మా బావ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి, నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నదేమిటో మొదటి నుంచి మళ్ళీ ఆలోచించుకోవాల్సి వచ్చింది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇంటి దగ్గర్నుంచే పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు చెరువు సంగతి చెప్తాను. బావకి నాలుగు చెరువులున్నాయి, వేసేది వనామీ రకం రొయ్య. బావ ఉండేది నెల్లూరు టౌన్లో, రోజూ పొద్దున బండి మీద పోయి వస్తాడు. రొయ్యల ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది, మేత లెక్కేమో చెరువు దగ్గర తడిసి ఉబ్బిపోయిన ఒక నోటు పుస్తకంలో ఉంటుంది. "నువ్వు అంతంత సాఫ్ట్‌వేర్లు చేస్తావు గదా, మాకొకటి చేసి పెట్టకూడదా అబ్బయ్యా" అని బావ చాలాసార్లు అన్నాడు, అక్క కూడా వంత పాడింది. సరేనన్నాను.

ఆఫీసులో ఎట్లా చేస్తానో అట్లాగే చేశాను. ఒక ఆదివారం బావని కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలడిగాను, ముప్పై నాలుగు స్టోరీలతో (వాడేవాళ్ళకి కావాల్సినవి ఒక్కోటీ ఒక్కో స్టోరీ) బ్యాక్‌లాగ్, అంటే చేయాల్సిన పనుల జాబితా రాసుకున్నాను, రెండు వారాలకో స్ప్రింట్, అంటే పని విడత పెట్టుకుని శని ఆదివారాలు కూర్చున్నాను. ఆరు వారాలకి లాగిన్, చెరువుల వారీగా గ్రాఫులు, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందనే) లెక్క, మేత ఎక్కువైతే మెసేజ్, అన్నీ వచ్చాయి. ప్రతి స్ప్రింట్ చివర ఇంట్లో సోఫాలో కూర్చుని బావకి చూపించాను, బాగుందన్నాడు. అప్పుడు తీసుకెళ్ళి చెరువు దగ్గర ఉండే పెద్దాయన చేతికిచ్చాను. మేమందరం ఆయన్ని మామా అనే పిలుస్తాం.

ఆ పొద్దున్న జరిగింది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది. ఆరింటికి మేత వేశారు. వేసేటప్పుడే కొంచెం మేత చెక్ ట్రేలో, అంటే రొయ్యలు ఎంత తిన్నాయో చూసుకునే వల పళ్ళెంలో కూడా పెట్టి నీళ్ళలోకి దించుతారు. ఎనిమిదింటికి మామ చెక్క మీద నడుచుకుంటూ పోయి తాడు పట్టి ట్రే పైకి లాగాడు. వల గుడ్డలోంచి నీళ్ళు కారిపోయాక అడుగున కొంచెం మేత మిగిలుంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత ఒక రొయ్యని పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి, వీపు మీద పేగు గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. అంతా అర నిమిషం. ఆ చేత్తోనే నా ఫోను తీసుకున్నాడు. తెర మీద వేలు పడలేదు. కండువాతో తుడుచుకుని మళ్ళీ నొక్కాడు, ఇంకో చెరువు పేజీ తెరుచుకుంది. "తడి చేత్తో ఇదెట్టా నొక్కేదయ్యా? వేలు జారిపోతా ఉండాది. నాకా బోర్డు చాల్లే" అని ఫోను నా చేతిలో పెట్టి, మేత షెడ్డులోకి పోయి గోడకున్న నల్లబోర్డు మీద రెండో చెరువుకి చాక్‌పీసుతో ఒక గీత గీశాడు. ట్రే ఖాళీ అయితే సున్నా, కొంచెం మిగిలితే ఒక గీత, ఎక్కువ మిగిలితే రెండు గీతలు. తర్వాతి పూట మేత ఆ గీతని బట్టే. మిగిలిన మేత అడుగున కుళ్ళితే నీళ్ళు చెడిపోతాయి, రోగాలు మొదలవుతాయి, కాబట్టి ఆయనకి ఆ గీత చాలా పెద్ద విషయం.

ఆ బోర్డు అక్కడుందని నాకు తెలియదు. ఆరు వారాల్లో ఒక్క పొద్దున్న కూడా అక్కడికి వెళ్ళలేదు. లెక్క చూసుకునే బావని అడిగాను, లెక్క రాసే మనిషిని అడగలేదు.

ఇలాంటిది నాకు మొదటిసారి కూడా కాదు, అందుకే అంత బాధేసింది. చాలా ఏళ్ళ కిందట ఒక ఇన్సూరెన్స్ క్లెయిముల ప్రాజెక్టులో పధ్నాలుగు నెలలు పనిచేశాను. రెండు వారాల స్ప్రింట్లు ఒక్కటి తప్పలేదు, వెలాసిటీ (ఒక్కో స్ప్రింట్‌లో టీము పూర్తిచేసే పని లెక్క) పెరుగుతూనే ఉంది, చార్టులన్నీ పచ్చగా ఉన్నాయి. డెమోలు మాత్రం అవతలి మేనేజర్లకే. రోజూ క్లెయిములు ఎక్కించే వాళ్ళు మా స్క్రీన్‌ని మొదటిసారి చూసింది ట్రైనింగ్ వారంలో. వాళ్ళ చేతిలోని ఫారంలో వివరాలు ఒక వరసలో ఉంటే మా స్క్రీన్ మీద ఇంకో వరసలో ఉన్నాయి, ఒక్కో క్లెయిముకి వాళ్ళు పైకీ కిందకీ పది సార్లు తిరగాల్సి వచ్చింది. సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు టీములో పిల్లలు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

చెరువు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి అజైల్‌కి మూలమైన ప్రకటన, అజైల్ మ్యానిఫెస్టో తీసి మళ్ళీ చదివాను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల రిసార్టులో పదిహేడు మంది కూర్చుని రాసుకున్నది. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు, అంతే. అందులో స్టాండప్ (టీము రోజూ నిలబడి పెట్టుకునే చిన్న మీటింగు) అనే మాట లేదు, స్ప్రింట్ లేదు, స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో అంచనా వేసే అంకెలు) లేవు, వెలాసిటీ లేదు. పని చేసే సాఫ్ట్‌వేరే పురోగతికి అసలు కొలమానం అని ఉంది. చేయక్కర్లేని పనిని వీలైనంత చేయకుండా వదిలేయడం ఒక కళ అని ఉంది. నిలకడగా ఎప్పటికీ కొనసాగించగలిగే వేగంతో పనిచేయాలని ఉంది. ఇవన్నీ నేను క్లాసుల్లో స్లైడు మీద చూపించినవే, కానీ స్లైడు మీద చూపించడం వేరు, రెండో చెరువు ఎదురుగా గీసిన ఆ గీత చూసి వచ్చాక చదవడం వేరు.

ఆ నాలుగు విలువల్లో ఒక్కోటీ "ప్లాను ప్రకారం పోవడం కన్నా మార్పుకి తగ్గట్టు నడుచుకోవడం" లాగా రెండు వైపులుగా ఉంటుంది, ఎక్కువ విలువిచ్చేది ఎడమవైపు, రెండోది కుడివైపు. వాటి కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది, చాలామంది దాన్ని వదిలేసి చదువుతారు. కుడివైపు రాసినవాటికీ విలువుంది, కాకపోతే ఎడమవైపు ఉన్నవాటికి మేం ఎక్కువ విలువ ఇస్తాం అని. అంటే ప్లాను వద్దని కాదు, డాక్యుమెంట్లు వద్దనీ కాదు. వనామీ పిల్ల వేసిన మొదటి నెల మేత చార్టు ప్రకారమే వేస్తారు, లక్ష పిల్లకి రోజుకి ఇన్ని కిలోలు అని. పిల్ల చిన్నది, ఇంకా ట్రేలోకి రాదు, చూసి తెలుసుకునే దారి లేదు కాబట్టి చార్టే దిక్కు. ట్రేలోకి రావడం మొదలయ్యాక చార్టుని పక్కన పెట్టుకుని ట్రే చెప్పినట్టు వింటారు. మన ప్రాజెక్టుల్లో కూడా మొదట్లో కొంత ఊహ మీద నడవక తప్పదు. ఆ మొదటి నెలని పధ్నాలుగు నెలలు సాగదీయడమే తప్పు.

మన వాడకంలో అరిగిపోయిన మాటల్లో కొన్నిటి చరిత్ర కూడా తెలుసుకోవాలి. వాటర్‌ఫాల్ (ఒక దశ మొత్తం అయ్యాకే ఇంకో దశ మొదలుపెట్టే పాత పద్ధతి) అనగానే అందరూ చూపించేది 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన పేపర్లోని బొమ్మని. ఆ పేపర్లో వాటర్‌ఫాల్ అన్న మాటే లేదు, పైగా టెస్టింగ్ మొత్తం చివర్లో పెట్టుకునే ఆ పద్ధతి ప్రమాదకరమనీ విఫలమయ్యేలా చేస్తుందనీ ఆయనే రాశాడు. స్టోరీ పాయింట్ల కథ ఇంకా చిత్రం. అజైల్ పద్ధతుల్లో ఇంకోటైన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ తొలి రోజుల్లో దాన్ని పాటించేవాళ్ళు ఎస్టిమేట్లని ఆటంకాల్లేని ఆదర్శ రోజుల్లో వేసేవాళ్ళు, నిజంగా పట్టేది దాదాపు మూడింతలు. ఒక రోజు పనికి మూడు రోజులెందుకని బయటివాళ్ళు అడుగుతుంటే, రోజులనే మాట తీసేసి పాయింట్లనడం మొదలుపెట్టారు. వాటిని తానే కనిపెట్టి ఉండొచ్చనీ, అదే నిజమైతే అందుకు ఇప్పుడు విచారిస్తున్నాననీ వాళ్ళలో ఒకడైన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాశాడు. అట్లాంటి పాయింట్లతో ఒక టీముని ఇంకో టీముతో పోల్చి రేటింగులు ఇచ్చే మీటింగుల్లో నేను కూర్చున్నాను, ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

స్టాండప్ కూడా అంతే. నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, ఏమైనా అడ్డంకులున్నాయా అనే మూడు ప్రశ్నలని 2020లో స్క్రమ్ నియమాలుండే స్క్రమ్ గైడ్ లోంచి తీసేశారు. పదిహేను నిమిషాల్లో డెవలపర్లు తమలో తాము మాట్లాడుకుని ఆ రోజు ప్లాను సవరించుకోవడం దాని ఉద్దేశం. నేను చూసిన స్టాండప్పుల్లో ఎక్కువ భాగం మేనేజర్‌కి హాజరు పలికినట్టే నడిచాయి.

అసలు విషయం ఇక్కడుంది. ట్రే ఎత్తి చూడటం సగం పనే. గీత చూశాక తర్వాతి పూట మేత తగ్గించగలగాలి. బస్తాలన్నీ పొద్దున్నే చెరువులో పోసేసి తర్వాత ట్రే చూస్తే ఏం లాభం? మన టీములు రెట్రోలు (గడిచిన స్ప్రింట్‌లో ఏం కుదిరింది, ఏం కుదరలేదని చూసుకునే మీటింగులు) పెడతాయి, డెమోలు పెడతాయి, ఫీడ్‌బ్యాక్ తీసుకుంటాయి, కానీ మార్చే సత్తా ఉండదు. ఆ ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో ఒక్క మార్పు బయటికి పోవాలంటే చేత్తో చేసే టెస్టింగే మూడు వారాలు పట్టేది, స్ప్రింటేమో రెండు వారాలది. యూజర్లు మొదటి నెలలోనే ఫారం వరస గురించి చెప్పి ఉన్నా మేం వెంటనే మార్చలేకపోయేవాళ్ళం. 1990ల్లో క్రైస్లర్ కార్ల కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ దగ్గర, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్‌ని మొదలుపెట్టిన కెంట్ బెక్ వాళ్ళు ముందే టెస్టులు రాయడం, ఇద్దరు కలిసి కోడ్ రాయడం, కోడ్‌ని ఎప్పటికప్పుడు కలిపి చూసుకోవడం అంత పట్టుదలగా పాటించింది దీనికే, మార్పు చవగ్గా ఉండాలని. మన దగ్గర చాలా కంపెనీలు మీటింగులు తెచ్చుకున్నాయి, ఇది తెచ్చుకోలేదు. సర్టిఫికెట్ల కోసం ఫీజులు కడుతున్న పిల్లలకి నేను ఒకటే చెప్తున్నాను: ముందు ఆటోమేటెడ్ టెస్టులు రాయడం నేర్చుకోండి, బటన్ నొక్కితే రిలీజు అయ్యేలా చేయడం నేర్చుకోండి. సర్టిఫికెట్ తర్వాత చూసుకోవచ్చు.

మామ యాప్‌లో ముప్పై నాలుగు స్టోరీల్లో ముప్పై పక్కన పెట్టేశాను. నల్లబోర్డు అక్కడే ఉంది, దాని మీద నాలుగు చెరువులకీ గళ్ళు మాత్రం పెయింటుతో గీయించాం. పొడి చేతులతో షెడ్డులో ఉండే కుర్రాడు సాయంత్రం ఆ బోర్డు చూసి ఫోనులో నొక్కుతాడు, చెరువుకి మూడు పెద్ద బటన్లు: ఖాళీ, కొంచెం, ఎక్కువ. లాగిన్ లేదు. నాలుగు రోజుల పని. బావకి కావాల్సిన మేత లెక్క దాన్నుంచే వస్తోంది, ఇప్పటికి రెండు నెలలుగా ఒక్క రోజు తప్పలేదు.

ఆఫీసులో కూడా కొన్ని మార్చాను. టీముల మధ్య వెలాసిటీ పోలిక ఆపించాను, దీనికి పైవాళ్ళతో చాలా వాదించాల్సి వచ్చింది. స్ప్రింటుకి ఒక్కసారైనా అసలు వాడే మనిషి స్క్రీన్ ముందు కూర్చోవాలని పట్టుబట్టాను, మేం చూస్తూ ఉండాలి, మాట్లాడకూడదు. రిలీజుకి పట్టే టైము తొమ్మిది రోజుల నుంచి రెండు రోజులకి తెచ్చాం, ఇంకా తగ్గాలి.

మొన్న ఆదివారం చెరువు దగ్గరికి పోతే మామ కొత్తది ఒకటి అడిగాడు. రాత్రిళ్ళు కరెంటు పోయినప్పుడు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎంతసేపు ఆగాయో కూడా రాసుకోవాలట. నేను ఇంకా ఏమీ అనకముందే, బోర్డు మీద నాలుగో చెరువు పక్కన చాక్‌పీసుతో దానికో గడి గీసి పెట్టాడు.