సీటు బెల్టు తీసేలోపే దిగిపోయే విమానాలు

నాకు పొట్టి విమాన ప్రయాణాలంటే భలే ఇష్టం. పొట్టి అంటే గాల్లో గట్టిగా గంట కూడా ఉండనివి, కిటికీలోంచి నాలుగు చూపులు చూసేలోపే దిగబోతన్నాం బెల్టులు పెట్టుకోండి అని చెప్పేసేవి. అమెరికా పోయొచ్చిన మా చుట్టాలు పదహారు గంటలు కూచున్నాం అని చెప్తా ఉంటారు గానీ ఆ కథల్లో నిద్ర, కాళ్ళ వాపులు, చప్పిడి కూడు తప్ప ఇంకేం ఉండదు, కింద ఏ ఊరు పోయిందో ఏ నది పోయిందో ఎవరికీ తెలవదు.

మాది కావలి. విమానం ఎక్కాలంటే మేం ముందు రోడ్డు ఎక్కాలి, అటు చెన్నై మీనంబాకం అయినా ఇటు బెజవాడ గన్నవరం అయినా పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేదాకా కారులోనే, తిరుపతి పక్క రేణిగుంట కాస్త నయం. అందుకే మా వైపు వాళ్ళు దగ్గరి ఊళ్ళకి విమానం అనే మాటే ఎత్తరు. నేను మొదటిసారి మా నాయనని విమానం ఎక్కించింది మాత్రం ఇట్టాంటి దగ్గరి ఊరికే, చెన్నై నించి బెంగుళూరుకి. మోకాలి ఆపరేషన్ అయ్యి డాక్టరుకి చూపించుకోవాలి, కాలు మడుచుకొని కారులో అంతసేపు కూచోలేడు, చెన్నైలో మా అత్త వాళ్ళింట్లో రెండు రోజులు పండుకోబెట్టి అక్కడ నించి ఫ్లైట్‌లో పోయినాం. ఈ రెండు ఊళ్ళ మధ్య ఆకాశంలో దూరం 290 కిలోమీటర్ల లోపే, టికెట్ మీద గంట పైన ఉంటది గానీ అందులో గేటు కాడ నించి కదిలి రన్‌వే దాకా పోవడం, వంతు కోసం ఆగడం, దిగినాక మళ్ళీ గేటు దాకా రావడం అన్నీ కలిపే లెక్క. గాల్లో ఉండేది నలభై నిమిషాలు, అటూ ఇటూ. పైకి ఎక్కడం అయిపోంగానే దిగడం మొదలు, మధ్యలో సమంగా పోయేది కొంచెం సేపే, ఆ కొంచెంలోనే ఆ ఎయిర్ హోస్టెస్ పిల్లలు బండి తోసుకుంటా వచ్చి అందరికీ నీళ్ళిచ్చి, కొన్నోళ్ళకి శాండ్‌విచ్‌లిచ్చి, చెత్త ఏరుకొని పోవాలి, వాళ్ళ కాళ్ళకి చక్రాలు ఉన్నాయా అన్నట్టు తిరిగినారు. నాయన నీళ్ళ గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకోనుండాడు. "ఏం పాపా, అప్పుడే దిగతన్నామా? ఇంకాసేపు ఉంచమను" అన్నాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసినాక నాకు ఆ టికెట్ డబ్బులు లెక్కలోకే రాలేదు.

కానీ నేను ఎప్పుడూ చెప్పేది చెన్నై నించి బెజవాడకి చిన్న ఏటీఆర్‌లో పోయిన ప్రయాణం గురించి. ఏటీఆర్ అంటే రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే విమానం, డెబ్భై మంది చిల్లర పడతారు, గంటకి 500 కిలోమీటర్ల వేగం, జెట్ అంత ఎత్తుకి పోదు, రెక్కలు కూడా కిటికీకి పైన ఉంటాయి కాబట్టి కింద చూపుకి అడ్డం రాదు. ఆ రోజు మబ్బు లేదు, మా విమానం తీరం పక్కనే సముద్రం మీదగా పోయింది, నాది ఎడమ పక్క కిటికీ. పులికాట్ మొత్తం ఒక్క చూపులో కనిపించింది, నీళ్ళు తక్కువుండే చోట ఉప్పు తేలి తెల్లగా, తర్వాత బకింగ్‌హామ్ కాలవ గీత గీసినట్టు తీరం పొడుగూతా, కృష్ణపట్నం పోర్టులో ఓడలు, పక్కన కరెంటు ప్లాంటు పొగ గొట్టాలు. ఆ పైన పెన్న సముద్రంలో కలిసే చోటు. నెల్లూరు బ్రిడ్జి మీద నించి పెన్నని చిన్నప్పటి నించి చూస్తానే ఉన్నా, ఇసకే ఎక్కువ నీళ్ళు తక్కువ, కానీ పైనించి చూస్తే ఆ ఇసక ఎంత వెడల్పునా పరుచుకోనుందో, ఒకప్పుడు ఎంత నది పారి ఉంటదో అప్పుడు అర్థమైంది. అటూ ఇటూ అంతా రొయ్యల చెరువులే, ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు వైపు వరి మళ్ళ మధ్యలోకి దాకా వచ్చేసినాయి, ఒకటి పచ్చగా ఒకటి బూడిద రంగుగా, నీళ్ళల్లో గాలి కలిపే ఎరేటర్లు తిరిగే చోట తెల్ల నురగ కూడా కనపడతంది. మా పెద్దనాయన భూమి పక్కోళ్ళు చెరువు తవ్వినారని, ఉప్పు దిగిందని ఎన్నేళ్ళుగానో గొడవ పడతా ఉండాడు, ఆ గొడవ ఎంత పెద్దదో కిటికీలోంచి చూస్తే తెలిసింది, అది ఒక్క మా పెద్దనాయన గొడవ కాదు.

తర్వాత రామాయపట్నం, కొత్తపట్నం, గుండ్లకమ్మ సముద్రంలో పడే మలుపు, చీరాల. మా రెండు జిల్లాల తీరం మొత్తం అరగంటలో చూసేసినా. అదే దారి పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో అయితే బెజవాడలో పొద్దున్నే ఎక్కితే చెన్నైలో మధ్యాహ్నం దిగడమే, అందులో ఉండే సుఖం వేరే, దాన్ని నేను తక్కువ చెయ్యను, కానీ మన ఊరి నేల మొత్తం ఒక్కసారిగా చూడాలంటే ఇట్టాంటి పొట్టి విమానమే ఎక్కాలి. ముప్ఫై అయిదు వేల అడుగుల మీద పోయే జెట్‌లో ఇంత కనపడదు.

ప్రపంచంలో అన్నింటికంటే పొట్టి ఫ్లైట్ స్కాట్లండ్ పైన ఆర్క్‌నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే నించి పాపా వెస్ట్రేకి, దూరం 2.7 కిలోమీటర్లు, అంటే ఎడిన్‌బరా ఎయిర్‌పోర్ట్ రన్‌వే పొడవంత. లోగన్‌ఎయిర్ వాళ్ళు 1967 నించి నడపతన్నారు. టైం టేబుల్‌లో రెండు నిమిషాలు, గాలి కలిసొస్తే ఇంకా తక్కువే, స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో దించినాడు, అదే రికార్డు, ఆయన ఈ దారిలో 12,000 సార్లకి పైనే తిరిగినాడు. విమానం పేరు ఐలాండర్, ఎనిమిది మంది పడతారు, మన షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన కూచున్నట్టు పైలట్ పక్కన కూడా ఒకళ్ళు కూచోవచ్చు. సరదా కోసం ఎక్కేవాళ్ళు ఉన్నారు గానీ అది సరదాకి పెట్టింది కాదు. పాపా వెస్ట్రేలో ఉండే జనం వంద మంది లోపే, టీచర్లు, డాక్టర్లు, జబ్బు చేసినోళ్ళు అందులోనే వచ్చి పోతా ఉంటారు. చలికాలం సముద్రం పొంగితే పడవ కదలదు. వాళ్ళకి ఆ రెండు నిమిషాలు మనకి ఆర్టీసీ బస్సు.

ఈ పొట్టి ప్రయాణాలు విమానానికి మాత్రం కష్టం. విమానం ఎన్ని గంటలు ఎగిరింది అనే కాదు ఎన్నిసార్లు ఎక్కి దిగింది అనేది కూడా లెక్క పెడతారు, ఎందుకంటే ఎక్కిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడికి ఒళ్ళంతా ఉబ్బి దిగినాక మళ్ళీ తగ్గుద్ది, రేకు అలిసిపోద్ది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి 24,000 అడుగుల ఎత్తులో పైకప్పు ముందు భాగం ఊడిపోయింది. అప్పటికి అది ఎగిరింది 35 వేల గంటల చిల్లరే, కానీ ఎక్కి దిగింది మాత్రం 89,680 సార్లు, అన్నీ దీవి నించి దీవికి పొట్టి ప్రయాణాలు, దానికి తోడు ఉప్పు గాలి. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, మిగతా అందర్నీ పైలట్లు మావీ దీవిలో దించగలిగినారు. పాత విమానాల చెకింగ్ పద్ధతులు ఆ తర్వాతే గట్టిగా మారినాయి. నేను ఏటీఆర్ ఎక్కినప్పుడల్లా కింద చెకింగ్ చేసే మెకానిక్‌లని చూసి మనసులో దండం పెట్టుకుంటా.

ఫ్రాన్స్‌లో రెండున్నర గంటల్లోపు రైలు ఉన్న చోట విమానం వద్దని 2023లో ఆపేసినారు, పారిస్ ఓర్లీ నించి లియోన్, నాంత్, బోర్డో రూట్లు పోయినాయి. నాకు పొట్టి విమానాలు ఎంత ఇష్టమైనా ఆ రూల్ న్యాయమే అనిపిస్తది. విమానం ఎక్కువ ఆయిల్ తాగేది పైకి ఎక్కేటప్పుడే, పక్కన మంచి రైలు పెట్టుకొని నలభై నిమిషాల కోసం ఆ ఆయిల్ తగలెయ్యడం ఎందుకు. నీళ్ళు అడ్డం ఉన్న చోట, కొండలు అడ్డం ఉన్న చోట, మా నాయన లాగా కూచోలేనోళ్ళకి, అది వేరే సంగతి.

మా కావలికి దగ్గర్లోనే దగదర్తి కాడ ఎయిర్‌పోర్టు వస్తది అని ఏళ్ళ తరబడి వింటానే ఉన్నాం. వస్తే గనక చెన్నైకి ఫ్లైట్ వెయ్యొద్దు అనే నేనంటా, మూడు నాలుగు గంటల్లో దించే రైళ్ళు మాకు బోలెడు. హైదరాబాదుకి, విశాఖకి ఏటీఆర్‌లు వెయ్యమనండి చాలు, పొద్దున పోయి పని చూసుకొని రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినే లాగా టైములు పెట్టమనండి, ఆసుపత్రి పని మీద పోయేవాళ్ళకి వీల్‌చైర్ బస్సు దిగే కాడికే తెచ్చే ఏర్పాటు మొదటి రోజు నించే ఉండేట్టు చూడమనండి.