తేలినీలాపురం రెండోసారి, ఈసారి పిట్టలున్నాయి

పోయినేడు మే నెల ఎండలో శ్రీకాకుళం నుంచి బండేసుకుని, పిట్టలు చెట్ల మీద గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం వెళ్లి, ఖాళీ చింతచెట్లు చూసొచ్చిన మహానుభావుణ్ని నేను. కొమ్మల మీద పాత గూళ్ల పుల్లలు తప్ప ఏమీ లేవు. కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన నా మెళ్లో కెమెరా చూసి నవ్వాపుకుంటూ "ఎల్లిపోనాయి బావూ, వానలయ్యాక వస్తాయి, అప్పుడు రా" అన్నాడు. ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ జోకే.

అందుకని ఈసారి అడిగి కనుక్కుని మరీ ఫిబ్రవరి ఆఖరి ఆదివారం పెట్టుకున్నాం, నేనూ మా బావమరిదీ. తెల్లారకముందే బయల్దేరి, నరసన్నపేట దాటాక టీ తాగి, టెక్కలి నుంచి నౌపడ రోడ్డు పట్టాం. దారిలో మోదుగ చెట్లు ఆకన్నది లేకుండా నిప్పంటుకున్నట్టు పూసున్నాయి. మేలో వచ్చింది ఇదే రోడ్డు మీదే కానీ అప్పుడు ఇక్కడ మోదుగలున్నాయన్న సంగతే నాకు తెలీలేదు, ఆకులేసుకుని మిగతా చెట్లలో కలిసిపోయుంటాయి.

ఊళ్లోకి వెళ్తుంటే పిట్టల కంటే ముందు వాసనొచ్చింది, ఎండుచేపల బస్తా విప్పినట్టు. తర్వాత గోల. మేలో నేను చూసిన అదే చింతచెట్టు ఇప్పుడు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, రెట్టలు పడీ పడీ ఆకు మాడిపోయింది, ఒక్కో కొమ్మకి నాలుగైదు గూళ్లు, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఒకే చెట్టు మీద అపార్ట్‌మెంట్లో ఉన్నట్టు కాపురం. పేపర్లో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు అని రాస్తారే అవే.

ఒక్క గూడు దగ్గరే అరగంట నిలబడిపోయాం. తల్లి గూడబాతు ఎక్కణ్ణుంచో వచ్చి కొమ్మ మీద వాలింది, వాలడమంటే వాలడం కాదు దాదాపు పడటమే, కొమ్మంతా ఊగిపోయింది. పిల్ల అప్పటికే తల్లంత ఉంది. ఆగలేక అరిచి అరిచి చివరికి తల మొత్తం తల్లి గొంతుసంచిలో దూర్చేసింది, మెడ దాకా లోపలే, లోపల చేపకోసం కుమ్ముతుంటే తల్లి సంచి బయటికి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. పక్కన కొంగలు మాత్రం నోరు మెదపవు, పెద్దయ్యాక వాటికి గొంతు దాదాపు ఉండదట, ముక్కులు టకటకలాడించడమే.

చెట్టు పక్కింటి అవ్వ మంచినీళ్లిచ్చింది. "సంకురాత్రికి పిల్లలు సిన్నవి బావూ, ఇప్పుడు రెక్కలొచ్చీసాయి, ఇంక నెలో నెలన్నరో, ఎల్లిపోతాయి" అంది. చింతకాయ కోసుకోరా అనడిగితే "ఏటి కోస్తాం, గూళ్లున్న సెట్టు దులపకూడదు. ఇవి రాకపోతే ఊరికి అరిష్టం" అంది. చింతపండు రేటు తెలిసిన ఎవరికైనా అదెంత పెద్ద మాటో అర్థమవుద్ది. 2022 జనవరిలో గూడబాతులు వరసగా చచ్చిపోయినప్పటి సంగతి కూడా చెప్పింది, కడుపులో నులిపురుగులన్నారట. అది చెప్తున్నప్పుడు మాత్రం గొంతు మారింది.

ఇక్కడ ఒక చిన్న గొడవ. ఊళ్లో ఎవర్నడిగినా ఇవి సైబీరియా నుంచొస్తాయంటారు. మా బావమరిది కూడా అదే పట్టుకున్నాడు. కాదురా బాబూ, రెండూ మన దేశంలో ఉండేవే, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి, తిరుపతి జిల్లా నేలపట్టులోనూ గూళ్లు కడతాయి అని చెప్పాను. వర్షాలకి చెరువులు నిండి, నౌపడ ఉప్పు మడుల చుట్టూ చిత్తడిలో చేప దొరికే టైం చూసుకుని సెప్టెంబర్, అక్టోబర్లలో దిగుతాయి, నీళ్లు తగ్గేసరికి పిల్లలకి రెక్కలొస్తాయి. ఆ లెక్క సైబీరియా కంటే గొప్పగా అనిపించింది నాకైతే. వాడు ఒప్పుకోలేదు.

తిరిగి వెళ్లకుండా పలాస వైపు చుట్టాలింటికి వెళ్లాం. జీడి తోటలు పూత మీదున్నాయి, సాయంత్రం బండి మీద వెళ్తుంటే తియ్యటి ఘాటు వాసన. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి పడిపోయిన చోట మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడు గుబురుగా కనపడుతున్నాయి, మధ్యమధ్యలో తల తెగిన కొబ్బరి మొండేలు అలాగే నిలబడున్నాయి.

ఆ, బండి చెట్టు కిందే పార్క్ చేశాను, అది చెప్పడం మర్చిపోయా. సీటూ ట్యాంకూ తెల్లగా అయిపోయాయి, నీళ్లు పోసి కడిగినా వాసన పోలేదు. రాత్రి ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే ఆపి "చేపల బజారుకెళ్లావా?" అంది. జూలైలో ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి వెళ్దామనుకుంటున్నా, అక్కడ నత్తలు తినే చిల్లుముక్కు కొంగలు వానలతో పాటే దిగుతాయి. ఈసారి బండి ఊరి బయటే పెడతాను.