చుక్కలు లెక్కపెట్టే పని

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ల్యాబ్ పనికి చేరి ఆరేళ్లయింది. రోజులో సగం నాకు చీకటి గదిలోనే గడుస్తుంది. మెదడు కణితి ముక్కకు, ఫలానా క్రోమోజోము భాగానికే అతుక్కుని వెలిగే ప్రోబ్‌లు పట్టించి ఒక్కో కణంలో చుక్కలు లెక్కపెడతాను. ఒకటో క్రోమోజోము పొట్టి చేయి ఎర్రగా, పొడుగు చేయి పచ్చగా వెలుగుతాయి. మామూలుగా రెండేసి ఉంటాయి. పచ్చవి రెండుండి ఎర్రది ఒక్కటే కనిపిస్తే పొట్టి చేయి ఊడిపోయినట్టు. దాంతోపాటు పంతొమ్మిదో క్రోమోజోము పొడుగు చేయి కూడా పోయి, ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉంటే అది ఆలిగోడెండ్రోగ్లయోమా. అరుదైనదే, కానీ కీమోకు బాగా లొంగే రకం.

ఫిబ్రవరిలో గుంటూరు నుంచి వదిన వాట్సాప్‌లో రిపోర్టు పంపింది. మా పెదనాన్న కొడుక్కి 41 ఏళ్లు. ఫిట్స్ వస్తే స్కాన్ తీశారు, ఆపరేషన్ కూడా అయిపోయింది. "ఆలిగోఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 2" అని ఉంది. ఆ పేరు చూసి కుర్చీలోంచి లేవలేకపోయాను. మైక్రోస్కోపు కింద ఆలిగోడెండ్రోగ్లయోమా కణాలూ, ఆస్ట్రోసైటోమా అనే మరో రకం కణితి కణాలూ కలిసినట్టు కనిపిస్తే పెట్టే పాత పేరది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో దానికి చోటే లేదు. జన్యువులు చూస్తే అలాంటివి దాదాపు అన్నీ ఇటో అటో తేలిపోతాయి. ఐడీహెచ్ మార్పుండి, ఆ రెండు చేతులూ నిలిచి, ఏటీఆర్‌ఎక్స్ ప్రోటీన్ కనబడకపోతే ఆస్ట్రోసైటోమా. మందు, రేడియేషన్, ముందున్న ఏళ్ల లెక్క, అన్నీ ఆ పేరును బట్టే.

ఐడీహెచ్1 మార్పును పట్టే యాంటీబాడీ ఈ ఊళ్లోనే పుట్టింది. అది పట్టిస్తే, ఐడీహెచ్1 ప్రోటీన్ 132వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పోయి హిస్టిడిన్ వచ్చిన కణాలు గోధుమరంగులో తేలతాయి. రోజూ ఎవరెవరి స్లైడ్లో చూస్తాను, అన్నయ్యది మాత్రం చూడలేదు.

"వదినా, బ్లాక్ తెచ్చుకున్నారా?"

"బ్లాకేంటి?"

"తీసిన ముక్కను మైనంలో పోసి దాస్తారు. ఏళ్లయినా పాడవదు. అదుంటే ఈ టెస్టులు ఎక్కడైనా చేయించొచ్చు."

"ముక్క అయిపోయిందన్నారు అబ్బాయ్."

నాకు ఒళ్లు మండింది. స్లైడుకు కోసే పొర నాలుగు మైక్రాన్లే, అంతలో ముక్క ఎలా అయిపోతుంది? రాతపూర్వకంగా మళ్లీ అడగమన్నాను. మూడోసారి వెళ్తే దొరికింది.

నిన్న రాత్రి ఫోటో పెట్టింది. ప్లాస్టిక్ క్యాసెట్ మీద తెల్లటి మైనం, మధ్యలో కందిబద్దంత ముక్క. గుంటూరు ఎండ తగలనివ్వొద్దన్నాను. దేవుడి గూట్లో కింద అరలో పెట్టిందట. సోమవారం హైదరాబాద్ తీసుకెళ్తున్నారు.