జీపీఎస్ పట్టని ఫోనుతో సర్వీస్ సెంటర్ మెట్లెక్కిన నా అనుభవం

బ్యాంకు రుణాల కోసం ఇళ్లూ ప్లాట్లూ చూసి విలువ కట్టి నివేదిక ఇవ్వడం ఉద్యోగ విరమణ తరువాత నేను పెట్టుకున్న పని. నివేదికకు జతచేసే ప్రతి ఫోటో మీద అక్షాంశ రేఖాంశాలు పడాలన్నది బ్యాంకు నిబంధన. ఫోను బ్యాటరీ మార్పించిన నాటి నుంచి ఆ అంకెలు దొరకడం నాకు గగనమైపోయింది. నట్టెండలో ఖాళీ ప్లాటు మధ్య నిలబడినా ‘లొకేషన్ కోసం వెతుకుతోంది’ అన్న మాటే తెర మీద తిరుగుతూ ఉండేది. చివరికి ఉప్పల్‌లో తీసిన ఫ్లాటు ఫోటో మీద బోడుప్పల్ అంకెలు పడేసరికి, వయసులో నా కొడుకంత ఉన్న బ్యాంకు అధికారి “సార్, మీరు సైటుకు అసలు వెళ్లారా?” అని అడిగాడు. నీటిపారుదల శాఖలో లెవెలింగ్ పరికరం మోసి కాలువలకు గట్లు గుర్తించినవాడిని ఆ మాట అడగవచ్చునా!

సెట్టింగుల పని ఒక్క పూటలో అయిపోయింది. బ్యాటరీ సేవర్ తీసేశాను, తేదీని, సమయాన్ని ఆటోమేటిక్‌లో ఉంచాను, కారు హోల్డరు కోసం కవరులో దూర్చిన ఇనుప రేకును పీకేశాను. కెమెరా యాప్‌కు ‘ప్రెసైస్ లొకేషన్’ అనుమతి ఉన్నదో లేదో కూడా చూశాను. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘అప్రాక్సిమేట్’ అనే మరో ఎంపిక వచ్చింది. అది పడి ఉంటే ఫోను కావాలనే ఉజ్జాయింపు చోటు మాత్రమే చెబుతుంది కాబట్టి, ఫోటోల మీద అంకెలు కావలసినవారు అన్నిటికన్నా ముందు దాన్ని చూసుకోవాలి. నా ఫోనులో అన్నీ సరిగానే ఉన్నాయి, ఫలితం మాత్రం సున్న.

అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతుందో తెలియకుండా ఎన్ని మీటలు నొక్కినా లాభం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఫోను తన చోటును లెక్కగట్టడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడాలి, ఆ క్షణంలో అవి ఎక్కడ ఉన్నాయో చెప్పే కక్ష్య వివరాలు కూడా దాని దగ్గర ఉండాలి. ఉపగ్రహం ఆ వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున మాత్రమే పంపుతుంది, 30 సెకన్లకొకసారి మళ్లీ మొదటినుంచి చెబుతుంది. మధ్యలో చెట్టో మెట్రో వంతెనో అడ్డొచ్చి ఒక ముక్క జారిపోతే మరుసటి విడత దాకా ఆగవలసిందే. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక మొత్తం అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. మన ఫోన్లు అంతసేపు తీసుకోకపోవడానికి కారణం ఏ-జీపీఎస్, అంటే ఇవే వివరాలను మొబైల్ డేటా మీద క్షణాల్లో తెచ్చుకునే ఏర్పాటు. అందుచేత మొదటిసారి లొకేషన్ పట్టేటప్పుడు డేటా ఆన్‌లో ఉంచి, ఆకాశం విశాలంగా కనబడేచోట కదలకుండా నిలబడటం మేలు. నడుస్తూ ఫోనును ఊపడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

కాబట్టి లోపం రెండు రకాలు: ఉపగ్రహాల వివరాలు అందకపోవడం ఒకటి, ఉపగ్రహం గొంతే వినబడకపోవడం రెండవది. ఈ రెండింటినీ వేరుచేసి చూపేది జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్. అది ఒక్కొక్క ఉపగ్రహం పక్కన దాన్ని నడిపేవారి జెండాతో పాటు సిగ్నల్ బలాన్ని డెసిబెల్-హెర్ట్జ్ అంకెల్లో చూపుతుంది. ఆరుబయట బాగున్న ఫోనులో చాలా ఉపగ్రహాలకు 35 నుంచి 45 దాకా కనబడాలి. రామంతాపూర్‌లోని మా డాబా మీద పిట్టగోడపై నా ఫోనునూ మా ఆవిడ చవక ఫోనునూ పక్కపక్కన పెట్టి చూశాను. అవే ఉపగ్రహాలు, అదే నిమిషం. ఆవిడ ఫోనులో అంకెలు 40 చుట్టూ ఆడుతుంటే నా ఫోనులో 24 దాటలేదు. రెండు తెరల చిత్రాలూ తీసి ఉంచుకున్నాను. బ్యాటరీ మార్చినవారి చేతిలోనే ఏదో జరిగిందని నాకు అప్పుడే తేలిపోయింది.

ఇక బ్యాటరీ మార్చిన ఆ సర్వీస్ సెంటర్ సంగతి. టోకెన్ తీసుకుని, మధ్యాహ్న భోజన విరామం కూడా గడిచాక కౌంటర్ దగ్గరికి చేరాను. అక్కడి అమ్మాయి మ్యాప్స్ తెరిచి, నీలం చుక్క చూపించి, “వస్తోంది కదా అంకుల్, ప్రాబ్లమ్ ఏముంది?” అన్నది. అద్దాల తలుపుల వెనుక, నాలుగంతస్తుల శ్లాబు కింద కూర్చున్న ఫోనుకు ఆ చుక్క చుట్టూ ఉన్న వైఫై రూటర్ల వల్ల, సెల్ టవర్ల వల్ల వచ్చిందే తప్ప ఉపగ్రహం వల్ల కాదని చెప్పాను. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపి, ఒక్కసారి ఫుట్‌పాత్ మీదికి రమ్మని బతిమాలాను. జీపీఎస్ వినడమే గాని పంపేది ఏమీ లేదు కనుక ఫ్లైట్ మోడ్‌లోనూ అది పనిచేస్తుంది. ఫోనును బయటికి తేవడం తమ పద్ధతిలో లేదన్నారు. లోపలినుంచి వచ్చిన టెక్నీషియన్ తన వాదన వినిపించాడు: “కాల్స్ పోతున్నయ్, వైఫై పడుతున్నది, ఇంక యాంటెన్నా ఖరాబ్ ఎట్లయితది సార్?” జీపీఎస్‌కు యాంటెన్నా వేరుగా ఉండవచ్చన్న సంగతి ఫోన్లు విప్పే మనిషికి నేను చెప్పవలసి వచ్చింది. నా తెర చిత్రాలు చూపిస్తే, మోడల్ వేరైతే పోల్చకూడదన్నాడు.

అప్పుడు మేనేజర్ వచ్చి, వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా “అంకుల్ యూట్యూబ్ చూసి ప్రిపేర్ అయి వచ్చారు” అన్నాడు. నవ్వినవారిలో నా వెనుక టోకెన్ పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లూ ఉన్నారు. జీపీఎస్‌ను నడిపే అమెరికా, పౌరులకిచ్చే సిగ్నల్‌లో కావాలని కలిపిన పొరపాటును 2000 మే 2న తొలగించకముందు, చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యే రోజుల్లోనే జీపీఎస్ పరికరాన్ని చేత పట్టినవాడిని నేను. ఆ మాట అనబోయి, అనినా వారికి పట్టదని ఊరుకున్నాను. ఫ్యాక్టరీ రీసెట్ చేయనిదే ఫోనును ముట్టుకోము అన్నారు, చేశారు. సాయంత్రానికి జాబ్ షీట్ మీద ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాసి పరిశీలన రుసుము వసూలు చేశారు. అదే నోటితో, ఇంకా అనుమానముంటే మదర్‌బోర్డు మార్చుకోమని, దాదాపు కొత్త ఫోను ధర చెప్పారు. లోపమే లేని ఫోనుకు మదర్‌బోర్డు ఎందుకో అడిగితే సమాధానం లేదు.

కోఠీలో, మనిషి కూర్చుంటే నిండిపోయే ఒక చిన్న దుకాణంలో ఈ పీడ విరగడైంది. ఆ పెద్దాయన నా తెర చిత్రాలను కళ్లద్దాలు పైకెత్తి చూసి, ఒక్క ప్రశ్న అడిగాడు: “బ్యాటరీ ఎవరు మార్చిన్రు సాబ్?” నా ఎదుటే వెనుక మూత వేడిచేసి విప్పాడు. బోర్డు అంచున, బియ్యపు గింజలో సగమైనా లేని పసుపు రంగు స్ప్రింగులు వరుసగా ఉన్నాయి. పైన బిగించే యాంటెన్నా పట్టీని అవి తాకాలి. వాటిలో ఒకటి బోర్డుకు అతుక్కున్నట్టుగా అణిగిపోయి ఉంది. “స్ప్రింగ్ పండుకున్నది సాబ్, లేపుతా” అని పట్టకారుతో పైకి తీశాడు, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు, వదులుగా ఉన్న స్క్రూను బిగించాడు. తీసుకున్న డబ్బు సెంటర్‌వారి పరిశీలన రుసుముకన్నా తక్కువ.

ఆ రాత్రే డాబా మీద చూస్తే నా ఫోనులోనూ 40 దాటిన అంకెలు కనబడ్డాయి, లొకేషన్ క్షణాల్లో పట్టింది. అయినా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల భవనాల మధ్య చుక్క ఇప్పటికీ పక్క వీధిలోకి దూకుతుంది, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద పైరోడ్డుకూ కింది రోడ్డుకూ తేడా తెలియదు. సిగ్నల్ గోడలకు తగిలి తిరిగి రావడం, పైన శ్లాబు అడ్డుకోవడం ఏ స్ప్రింగుతోనూ పోయేవి కావు. ఎల్5 అనే మరో జీపీఎస్ తరంగాన్ని కూడా పట్టే ఫోన్లు అద్దాల మధ్య కొంత మెరుగ్గా ఉంటాయి కనుక, కొత్తది కొనేవారు ఆ మాట అడగవచ్చు.

ఫోనును రిపేరుకు ఇచ్చే ముందు డాబా మీద జీపీఎస్‌టెస్ట్ అంకెలను ఫోటో తీసుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు సెంటర్ బయట ఫుట్‌పాత్ మీద మళ్లీ చూసి గాని సంతకం పెట్టకండి, రీసెట్‌కు వెంటనే తల ఊపకండి. నేను జాబ్ షీట్‌నూ తెర చిత్రాలనూ జతచేసి పరిశీలన రుసుము వాపసు కోరుతూ ఆ సెంటర్‌కు రాశాను. వారు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానని కూడా అందులోనే చేర్చాను.