నాటాలు పోయిన పెద్దతాత జాడ ఎలా దొరికిందంటే

మా ముత్తాతకి ఒక అన్న ఉండేవాడని, ఆయన ‘నాటాలు’ పోయాడని మా పెద్దత్త నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. అత్తకిప్పుడు ఎనభై ఐదు. వాళ్ళ నాయనమ్మ దగ్గర ఆవిడ విన్నది ఇంతే: నాటాలు పోయాడు, ఓడెక్కాడు, మళ్ళీ రాలేదు. నాటాలంటే ఏదో ఊరనుకుని నేను చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. అది దక్షిణాఫ్రికాలోని నేటాల్ అని, 1860 నుంచి 1911 వరకు మన దేశం నుంచి 1,52,184 మందిని ఒప్పందం కూలీలుగా అక్కడికి తీసుకెళ్ళారని, వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవులోనే ఓడెక్కారని తెలిశాక మాత్రం ఇక ఊరుకోలేకపోయాను.

మొదట ఇంట్లోనే వెతికాను. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఇదే చెబుతాను, ఆర్కైవ్స్ (పాత రికార్డులు దాచే చోట్లు) సంగతి తర్వాత, ముందు అటక మీద ట్రంకు పెట్టె దించండి. మా పెట్టెలో 1912 నాటి భాగపరిష్కారం దస్తావేజు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది, సగం గొలుసుకట్టు రాత, చదవడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో ఒక చోట ‘దేశాంతరము పోయి పండ్రెండు సంవత్సరములు జాడ తెలియక కర్మలు జరిగిన అన్నగారి వాటా’ అని ఉంది. పన్నెండేళ్ళు కబురు లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసేస్తారు కదా, అదన్నమాట. అంటే కర్మ 1911లోనో 1912 మొదట్లోనో అయి ఉండాలి, ఆయన వెళ్ళింది 1899 ప్రాంతంలో. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు కూడా అందులోనే దొరికాయి. ఆ ఒక్క కాగితం లేకపోతే ఇదంతా జరిగేది కాదు.

ఇక ఓడల జాబితాలు. డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ అని ఉంది. ఒక్కో ఓడలో వచ్చినవాళ్ళ వివరాల్ని వాళ్ళు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలూ గాట్లూ, ఎవరి దగ్గర పనికి పెట్టారో, అన్నీ ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రతి మనిషికీ ఇచ్చిన కలోనియల్ నంబరు.

ఇక్కడే మూడు నెలలు పోగొట్టుకున్నాను. మా పెద్దతాతది సింహాద్రి అప్పన్న మీద పెట్టిన పేరు. మా వైపు ఊరికి పదిమందికి ఉంటుంది, జాబితాల్లో వందలమంది. పైగా తెలుగు రాని గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్న స్పెల్లింగులు, ఇంటిపేరు మాత్రం చాలాచోట్ల లేనే లేదు. నేనేమో విశాఖపట్నం జిల్లా అని పెట్టుకుని వెతుకుతున్నాను. శ్రీకాకుళం వైపువాళ్ళం కాబట్టి అప్పట్లో విశాఖ జిల్లాలోనే ఉండి ఉంటామని అనుకున్నాను. తప్పు. 1936 వరకు శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మన వైపు విశాఖపట్నంలో కలిసింది, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. నాకు గంజాం అంటే ఒడిశా మాత్రమే, అందుకే ఆ వరుసలన్నీ చూడకుండా దాటేస్తూ వచ్చాను. పాత రికార్డుల్లో వెతికేవాళ్ళు ముందు ఆ కాలంలో తమ ఊరు ఏ జిల్లాలో ఉండేదో చూసుకోవాలి, ఇది నేను గట్టిగా చెబుతాను.

గంజాం, చికాకోల్ (శ్రీకాకుళాన్ని అలా రాసేవారు) అని పెట్టి, పేరు వదిలేసి తండ్రి పేరుతో వెతికితే ఒక రాత్రి పదకొండింటికి దొరికాడు. 1899. వయసు 22. ఎడమ కనుబొమ మీద గాటు. ఉత్తర తీరంలో ఒక చెరుకు తోటకి కేటాయించారు. ఊరి పేరులో రెండు అక్షరాలు తప్పు, కానీ గట్టిగా పైకి చదివితే మా ఊరే. ఇరవై రెండేళ్ళ కుర్రాడి కనుబొమ మీద గాటుందని నూట పాతికేళ్ళ తర్వాత నాకు తెలిసింది. ఆయన ఫొటో మాకు ఒక్కటీ లేదు, మాకున్న ఆయన రూపమల్లా అదే.

తర్వాత నంబరే దారి చూపించింది. అక్కడి కాగితాల్లో మనిషి పేరు ఎన్ని రకాలుగా మారినా పక్కన ఆ నంబరు రాసేవారు. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో నంబరు కొడితే, చనిపోయినవాళ్ళ ఆస్తి ఫైళ్ళలో ఒకటి కనిపించింది. కేటలాగ్‌లో ఫైలు పేరు, దాని రిఫరెన్సు మాత్రమే ఉంటాయి, కాగితం చూడాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళాలి. డర్బన్‌లో ఉండే ఒకాయన, తనూ కూలీల వంశంవాడే, నా కోసం ఆ ఫైలున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌కి వెళ్ళి ఫొటోలు తీసి పంపారు. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

అందులో డెత్ నోటీసు, అంటే చనిపోయిన మనిషి వివరాలు రాసిన కాగితం, ఉంది. 1921లో చనిపోయాడు. ఇక్కడ దర్భ బొమ్మ చేసి నీళ్ళు వదిలేసరికి మనిషి అక్కడ బతికే ఉన్నాడు, ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళకి పైగా ఉన్నాడు. వృత్తి కూరగాయల సాగు. అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ఆ మాట వెనక ఎంత కష్టం ఉందో అప్పటికే చదివి ఉన్నాను. మొదటి ఏడాది జీతం నెలకి పది షిల్లింగులు. అయిదేళ్ళ ఒప్పందం గడువు అయ్యాక తిరిగి రాకుండా, మళ్ళీ ఒప్పందం రాసుకోకుండా ఉండాలంటే 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌండ్ల పన్ను (పౌండుకి ఇరవై షిల్లింగులు), అంటే ఆ మొదటి జీతంతో ఆరు నెలల కూలి. 1913లో వేలమంది పని మానేసి సమ్మె చేశాకే, 1914లో ఆ పన్ను పోయింది. అలాంటి చోట మా పెద్దతాత తోట పని నుంచి బయటపడి తన మడి తను చేసుకున్నాడు.

నోటీసులో తల్లి పేరు కూడా ఉంది. అది మా పెద్దత్త పేరు. ముత్తవ్వ పేరే అత్తకి పెట్టారని ఇంట్లో అందరికీ తెలుసు. ఈయన ఆయనేనా అన్న చివరి అనుమానం అక్కడ తీరిపోయింది. పిల్లలు అన్న చోట ఒక కూతురు అని ఉంది.

అత్త దగ్గరకి వెళ్ళి అంతా చదివి వినిపించాను. కర్మ చేసేనాటికి బతికే ఉన్నాడంటే బాధపడుతుందని భయపడ్డాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “పెళ్ళి చేసుకున్నాడన్నమాట, ఒంటరిగా పోలేదు” అంది. కాసేపాగి, “ఆ రోజు ఏ తిథో పాత పంచాంగంలో చూడరా” అంది. చూసి చెప్పాను. తన క్యాలెండర్‌లో నాతోనే రాయించుకుంది. ఆ కూతురి పెళ్ళి రికార్డు కోసం డర్బన్ ఆయనకి మొన్ననే మెయిల్ పెట్టాను.